పాత భాగాలు ఆడకుండా కొత్త భాగం ఆడొచ్చా? ఆటగాళ్ల హక్కులు, నియమాలు

సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ పిల్లలు చెవిటికల్లు చేరగానే ఏదో ఒక అరుగు మీద ల్యాప్‌టాప్ తెరుచుకుంటుంది. ఒకడు ఆడుతుంటాడు, నలుగురు వెనక నిలబడి చూస్తుంటారు. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు, మాట్లాడే చెట్లు. చూస్తున్న వాళ్లలో ఒక చిన్నవాడు, "అన్నా, నేను కూడా ఆడొచ్చా?" అని అడుగుతాడు. "ముందు మొదటి రెండు భాగాలు ఆడిరా, అప్పుడు చూద్దాం" అని జవాబు వస్తుంది. ఆ రెండు భాగాలు కొనడానికి వాడి దగ్గర డబ్బు లేదు, డౌన్‌లోడ్ చేయడానికి డేటా లేదు. వాడు ఆ ఆట జోలికే వెళ్లడు.

ఇలా ఆగిపోయిన వాళ్లను నేను చాలామందిని చూశాను. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట వైపు పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

సిరీస్‌లో మూడో భాగం ఆడాలంటే మొదటి రెండూ ఆడి తీరాలా? అలాంటి నియమం ఏమైనా ఉందా?

లేదు. తయారుచేసిన కంపెనీ గానీ, అమ్మే స్టోర్ గానీ, చట్టం గానీ అలాంటి షరతు పెట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలన్నది పూర్తిగా ఆడేవాడి ఇష్టం.

ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్లకు ఇది కొత్త విషయం కాదు. తిరుపతి వేంకట కవులు భారత కథను ఆరు నాటకాలుగా రాశారు: పాండవ జననం, ప్రవాసం, రాజసూయం, ఉద్యోగం, విజయం, అశ్వమేధం. మన ఊళ్లలో ఎక్కువగా ఆడినవి వీటిలో ఉద్యోగం, విజయం. ఆ రెంటినీ కలిపి తెల్లవార్లూ ఆడేవాళ్లు. వరసలో నాలుగోది, అయిదోది అన్నమాట. పాండవ జననం చూసి వచ్చావా అని పందిట్లో కూర్చున్న ఏ తాతనూ ఎవరూ అడగలేదు. ఇంకా వెనక్కి వెళితే తిక్కన కూడా భారతాన్ని విరాటపర్వం నుంచే అందుకున్నాడు. అరణ్యపర్వంలో నన్నయ వదిలిన శేషాన్ని ఆ తరువాత ఎర్రన పూర్తిచేశాడు.

కానీ ఒక తేడా ఉంది, దాన్ని దాటేయకూడదు. కృష్ణుడు రాయబారానికి బయలుదేరే సరికి, చూసేవాడికి జూదం, వనవాసం, అజ్ఞాతవాసం అన్నీ అమ్మమ్మ నోటి నుంచి ముందే తెలుసు. అందుకే మధ్యలో మొదలైనా కథ తెగదు. కంప్యూటర్ ఆటకు అలాంటి అమ్మమ్మ లేదు. వెనకటి కథను ఎక్కడి నుంచైనా మనమే తెచ్చుకోవాలి. పాత ఆట మొత్తం ఆడటం అందుకు ఉన్న దారుల్లో ఒకటి, అంతే.

మరి ఏ సిరీస్‌ను ఎక్కడి నుంచైనా మొదలుపెట్టొచ్చు? ఏది వరసగానే ఆడాలి?

రెండు విషయాలు చూసుకోండి. హీరో మారుతున్నాడా, అదే మనిషి కొనసాగుతున్నాడా? పాత భాగంలో మీరు తీసుకున్న నిర్ణయం కొత్త భాగంలోకి వస్తుందా, రాదా? హీరో కొత్తవాడై, నిర్ణయాలు రాకపోతే నిశ్చింతగా కొత్త భాగంతోనే మొదలుపెట్టండి.

ఎల్డర్ స్క్రోల్స్ అలాంటిదే. మొదటి ఆట అరీనా 1994లో వచ్చింది, అయిదోది స్కైరిమ్ 2011 నవంబరులో. నాలుగోదైన ఆబ్లివియన్ కథ ముగిసిన రెండు వందల ఏళ్లకు స్కైరిమ్ కథ మొదలవుతుంది. లోకం ఒకటే, మనుషులు వేరు. పాత భాగాలు తెలిస్తే అక్కడక్కడా ఒక పుస్తకమో, ఒక శిథిలమో చూసి "ఓహో, ఇదా" అనుకుంటారు. తెలియకపోతే ఏమీ పోదు. సరదా ఉంటే మొదటి రెండు భాగాలైన అరీనా, డాగర్‌ఫాల్ స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో ఉచితంగానే ఉన్నాయి.

ఫైనల్ ఫాంటసీ 1987 నుంచి వస్తోంది. అంకె మారితే లోకమే మారిపోతుంది. పదో భాగం ఆడాలనుకుంటే తొమ్మిదింటినీ తలుచుకోనక్కర్లేదు. అయితే ఏడో భాగాన్ని కొత్తగా తీసినవి వేరే లెక్క. 2020లో వచ్చిన రీమేక్, 2024లో వచ్చిన రీబర్త్ ఒకే కథకు ముక్కలు. రీమేక్ ఆడకుండా రీబర్త్‌లోకి వెళ్లకండి. బాహుబలి రెండో భాగం ముందు చూసినట్టే ఉంటుంది.

బల్దుర్స్ గేట్ మూడో భాగం 2023 ఆగస్టులో వచ్చింది. బెల్జియం దేశపు లారియన్ స్టూడియో తీసింది. మొదటి రెండూ 1998లో, 2000లో వేరే సంస్థ చేసినవి. మూడో కథ వందేళ్లకు పైగా గడిచాక జరుగుతుంది. జహీరా, మిన్స్క్ అనే ఇద్దరు పాతవాళ్లు మళ్లీ కనిపిస్తారు. వాళ్లెవరో అక్కడ మాటల్లోనే తెలిసిపోతుంది. మూడుతోనే మొదలుపెట్టండి.

డ్రాగన్ ఏజ్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. 2009, 2011, 2014, 2024 సంవత్సరాల్లో నాలుగు భాగాలు వచ్చాయి. ప్రతి భాగానికీ హీరో కొత్తవాడే కాబట్టి పైకి విడివిడి కథల్లా కనిపిస్తాయి. కానీ మూడోదైన ఇన్‌క్విజిషన్‌లో మన పక్కనే నడిచిన ఒక మనిషి నాలుగోదైన వీల్‌గార్డ్‌లో మనకు ఎదురు నిలబడతాడు. ఇన్‌క్విజిషన్‌కు 2015లో చేర్చిన ట్రెస్‌పాసర్ అనే అదనపు అధ్యాయం ఆ మలుపుకు తలుపు లాంటిది. అది తెలియకుండా వీల్‌గార్డ్‌లోకి వెళితే ఎదుటివాడి మీద కోపం రాదు, జాలీ కలగదు. ఈ సిరీస్‌లో ఒక్క పాత భాగమే ఆడే వీలుంటే ఇన్‌క్విజిషన్ ఆడండి.

విచర్ మూడో భాగం సంగతేమిటి? అందరూ దాని గురించే గొడవపడుతున్నారు.

అవును, చెవిటికల్లు అరుగు మీద జరిగే గొడవ కూడా చాలావరకు దీని గురించే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

పోలండ్ రచయిత ఆంద్జే సప్కోవ్‌స్కీ పుస్తకాల ఆధారంగా అదే దేశపు సీడీ ప్రొజెక్ట్ రెడ్ ఈ ఆటలు తీసింది: 2007లో మొదటిది, 2011లో రెండోది, 2015 మే 19న మూడోది. మూడింట్లోనూ హీరో ఒక్కడే, గెరాల్ట్. రెండో భాగం మధ్యలో ఇద్దరిలో ఒకరి పక్షాన నిలబడాలి: తిరుగుబాటు చేసిన ఇయోర్వెత్, లేదా రాజుగారి మనిషి వెర్నాన్ రోష్. ఎవరిని ఎంచుకుంటే వాళ్ల దారే, తరువాతి అధ్యాయం మొత్తం మారిపోతుంది. చివర్లో లేథో అనేవాణ్ని చంపాలా వదలాలా అన్నది కూడా మన చేతిలోనే ఉంటుంది. వదిలేస్తే మూడో భాగంలో అతను మళ్లీ కనబడతాడు. నేను చెప్పిన రెండు గుర్తులూ ఇక్కడ ఉన్నాయి కాబట్టి వరసగా ఆడాలనే వాళ్ల వాదనలో బలం ఉంది.

కానీ మూడో ఆట తీసినవాళ్లు కొత్తవాళ్లను గుమ్మంలో నిలబెట్టలేదు. ఆట మొదలుపెట్టేటప్పుడు విచర్ 2 సేవ్‌ను, అంటే పాత ఆటలోని నిర్ణయాలు దాచిన ఫైల్‌ను, అనుకరించాలా అని ఒక ఎంపిక చూపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే, విజిమా కోటలో చక్రవర్తి ముందుకు వెళ్లే ముందు ఒక దృశ్యం వస్తుంది. గెరాల్ట్ కుర్చీలో కూర్చుంటాడు, మంగలి గడ్డం గీస్తుంటాడు. పక్కన నిలబడిన సేనాని మోర్వ్రాన్ వూరిస్ పాత సంగతులు ఒక్కొక్కటే అడుగుతాడు. ఎవరి పక్షాన నిలబడ్డావు? లేథో ఏమయ్యాడు? మీరు చెప్పిన జవాబే మీ గతం అవుతుంది. గడ్డం గీసేలోపు రెండో భాగంలోని ముఖ్యమైన నిర్ణయాలన్నీ మీ ఖాతాలో చేరిపోతాయి. పాత భాగం ఆడనివాడికి వాళ్లు ఇచ్చిన హక్కు అది. తెలియక చాలామంది ఆ ఎంపికను ఆఫ్‌లోనే వదిలేస్తారు.

ఇంకో సంగతి. మూడో భాగంలో గెరాల్ట్ వెతికేది సిరి అనే అమ్మాయిని. మొదటి రెండు ఆటల్లో సిరి కనబడదు, ఆమె పుస్తకాల్లో మనిషి. ఆ రెండూ పూర్తిచేసినవాడికి కూడా మూడో భాగంలో ఆమె కొత్త ముఖమే. కాబట్టి "మొదటి రెండూ ఆడితేనే అర్థమవుతుంది" అన్న మాట నిజం కాదు. నా తీర్పు అడిగితే, మూడుతో మొదలుపెట్టండి. మనసుకు పడితే వెనక్కి వెళ్లి రెండోది ఆడండి. మొదటిదాని యుద్ధం పద్ధతి ఈనాటి చేతులకు మొద్దుగా అనిపిస్తుంది, అక్కడే విసుగెత్తి ఆగిపోయిన వాళ్లే ఎక్కువ.

పాత భాగంలోని సేవ్ ఫైల్‌ను కొత్త భాగంలోకి తీసుకెళ్లడం నా హక్కేనా?

చట్టం ఇచ్చే హక్కు కాదు, తయారీదారు ఇచ్చే సౌకర్యం మాత్రమే. కొన్ని ఆటలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. విచర్‌లో కంప్యూటర్ మీద ఆడిన రెండో భాగం సేవ్ కంప్యూటర్ మీది మూడో భాగంలోకే వస్తుంది, ప్లేస్టేషన్‌లోకి రాదు. డ్రాగన్ ఏజ్ ఇన్‌క్విజిషన్‌కు పాత నిర్ణయాలను చేత్తో నింపుకునే డ్రాగన్ ఏజ్ కీప్ అనే పద్ధతి పెట్టారు. వీల్‌గార్డ్ మాత్రం ఇన్‌క్విజిషన్ నుంచి మూడే మూడు నిర్ణయాలు అడిగి ఊరుకుంది. వంద గంటలు ఆడి దాచుకున్నవాళ్లకు అది బాధే. అందుకే సేవ్ కోసం పాత భాగం కొనే ముందు, కొత్త భాగం ఆ సేవ్ తీసుకుంటుందో లేదో చూసుకోండి.

కొత్త భాగం ఒక్కటే అమ్మం, పాతవి కూడా కలిపి కొనాల్సిందే అని షాపు వాళ్లు అంటున్నారు. అలా అనొచ్చా?

అనకూడదు. ఒక వస్తువు కావాలంటే ఇంకో వస్తువు కూడా కొనాలని షరతు పెట్టడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 నిర్బంధ వ్యాపార పద్ధతి కింద లెక్కేస్తుంది. ఎరువుల కట్ట కావాలంటే ఈ పురుగుమందు డబ్బా కూడా తీసుకో అన్న మాటకూ దీనికీ తేడా లేదు. రైతు ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ నొప్పి తెలుసు. మూడూ కలిపి కొంటే ధర తగ్గిస్తాం అనడం తప్పు కాదు, విడిగా ఇవ్వం అనడమే తప్పు.

బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఒక పట్టణంలో ఒక షాపులో అన్ని భాగాలూ ఉన్నాయన్న పెట్టె ఒకటి 900 రూపాయలకు కొన్నాను. ఇంటికొచ్చి కోడ్ కొడితే "ఇది ఇప్పటికే వాడేశారు" అని వచ్చింది. పెట్టె మీది ప్లాస్టిక్ పొర అంచును వేలితో తడిమితే గానీ తెలియలేదు, ఒకసారి విప్పి మళ్లీ వేడిచేసి అతికించారని. మర్నాడు వెళితే, మా దగ్గర కొన్నట్టు రుజువేది అన్నారు. నా దగ్గర బిల్లు లేదు. మీరు ఆ పొరపాటు చేయకండి.

కొన్నాక నచ్చకపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

ఆన్‌లైన్ స్టోర్లలో వస్తుంది, గడువు లోపల అడిగితే. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందు అడగాలి. ఎపిక్ స్టోర్‌లో కూడా దాదాపు ఇదే లెక్క. గాగ్ అనే స్టోర్ ఇంకా ఉదారంగా ఉంటుంది, ఆడినా సరే 30 రోజుల గడువిస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజులుంటుంది గానీ డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ వీలు పోతుంది, అక్కడ కొనేముందే ఆలోచించండి.

సిరీస్ మొత్తం కట్టగా కొనేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. స్టీమ్‌లో కట్టకు రీఫండ్ అడిగితే అందులోని ఆటలన్నీ ఆడిన సమయం కలిపి 2 గంటలు దాటకూడదు. "వరసగా ఆడతాను" అని మొదటి భాగం ఒక్క సాయంత్రం మూడు గంటలు ఆడారనుకోండి, ముట్టుకోని మూడో భాగం డబ్బు కూడా ఆ కట్టతో పాటే పోయినట్టు. ఏ భాగం ఆడాలో తేల్చుకుని ఆ ఒక్కటి కొనమని నేను చెప్పేది ఇందుకే. ఈ ఆటలకు ఏటా చాలాసార్లు భారీ తగ్గింపులు వస్తాయి, పాత భాగాలకు మరీను. తొందరపడనక్కర్లేదు.

కొన్న ఆట నాదేనా? ఆడేశాక తమ్ముడికి ఇచ్చేయొచ్చా, అమ్ముకోవచ్చా?

డిస్క్ అయితే చేత్తో ఇచ్చేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్నది అలా కాదు. మీకు దక్కేది ఆడుకునే లైసెన్స్. కాలిఫోర్నియాలో కొత్త చట్టం వచ్చాక 2024 అక్టోబరు నుంచి స్టీమ్ ఈ మాటను డబ్బు కట్టే పేజీలోనే చూపిస్తోంది. ఖాతాను అమ్మడం, కోడ్ వాడేశాక మరొకరికి మార్చడం నియమాలు ఒప్పుకోవు. గాగ్‌లో మాత్రం ఇన్‌స్టాల్ ఫైల్‌ను దించుకుని హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు, రేపు ఆ స్టోర్ లేకపోయినా ఆట ఆడుతుంది. పాత భాగాలు కొనేవాళ్లకు ఇది పెద్ద ధీమా. విచర్ మూడు భాగాలూ అక్కడ ఉన్నాయి, 2025 చివరి దాకా ఆ స్టోర్‌ను నడిపిందీ విచర్ తీసినవాళ్ల కుటుంబపు సంస్థే.

ఇంట్లో వాళ్లతో పంచుకోవడానికి స్టీమ్‌లో కుటుంబం అనే ఏర్పాటు 2024లో పూర్తిగా వచ్చింది. మీతో కలిపి ఆరుగురు చేరొచ్చు. అన్న కొన్న పాత భాగం తమ్ముడు తన సొంత సేవ్‌తో ఆడుకోవచ్చు. నియమాలు ఇవి: ఒకే ఇంటి వాళ్లై ఉండాలి, ఒకే కాపీని ఇద్దరు ఒకేసారి ఆడలేరు, చేరి బయటికి వచ్చిన పెద్దవాళ్లు, మొదట చేరిన రోజు నుంచి ఏడాది దాకా వేరే కుటుంబంలో చేరలేరు. తమ్ముడు మోసపు సాఫ్ట్‌వేర్ వాడి ఏదైనా ఆటలో నిషేధం తెచ్చుకుంటే, ఆ ఆట కొన్న అన్నకు కూడా నిషేధం పడుతుంది. స్నేహితులను కుటుంబం అని చేర్చే ముందు ఇవన్నీ ఆలోచించండి.

పాత భాగాలు పెన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇస్తామంటున్నారు. పాతవే కదా, తీసుకుంటే తప్పా?

పాతదైనా తప్పే. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కోసం కాకపోతే జైలు వేయకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. చట్టం ఒక ఎత్తు, క్రాక్ చేసిన ఫైల్‌తో వచ్చే వైరస్ ఇంకో ఎత్తు. నాన్న యూపీఐ, బ్యాంకు పాస్‌వర్డులు ఉన్న ల్యాప్‌టాప్‌లో దాన్ని తెరవకండి.

అయితే పెన్‌డ్రైవ్ అనగానే భయపడనక్కర్లేదు. బల్దుర్స్ గేట్ 3కి 150 జీబీ కావాలి. రోజుకు 2 జీబీ ఫోన్ ప్లాన్‌తో దించితే 75 రోజులు పడుతుంది. మీరు ఆ ఆట డబ్బిచ్చి కొని ఉంటే, అదే ఆట కొన్న స్నేహితుడి కంప్యూటర్ నుంచి హార్డ్‌డిస్క్‌లో ఫైళ్లు తెచ్చుకుని మీ ఖాతాతో తెరవొచ్చు. మిగిలిన కొద్దిపాటి తేడాను స్టీమ్ తానే దించుకుంటుంది. కంచికచర్లలో ఫైబర్ ఉన్న స్నేహితుడు ఇలా పనికొస్తాడు. చట్టబద్ధంగా కొన్న ప్రోగ్రామ్‌కు మీ కోసం అదనపు కాపీ చేసుకోవడానికి కూడా కాపీరైట్ చట్టం అనుమతిస్తుంది.

మా అబ్బాయి డబ్బు కట్టి ఆట కొన్నాడు. ఆన్‌లైన్ గేములు నిషేధించారు కదండీ, కేసు అవుతుందా?

కాదండి, ధైర్యంగా ఉండండి. పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది పందెపు ఆటలను. అంటే డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడేవాటిని. అలాంటివి నడిపేవాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే రమ్మీ, పోకర్ లాంటి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. ఒకసారి ధర చెల్లించి కథ ఆడుకోవడం దీని కిందికి రాదు. ఒకసారి కట్టే ప్రవేశ రుసుమునూ చందానూ కేంద్ర చట్టమే వేరుగా చూసింది. సినిమా టికెట్ కొనడానికీ పేకాట శిబిరంలో కూర్చోవడానికీ ఉన్నంత తేడా ఉంది.

పద్నాలుగేళ్ల పిల్లాడు ఈ సిరీస్‌లు ఆడొచ్చా?

సినిమాకు ఉన్నట్టు ఆటలకు మన ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ లేదు. స్టోర్ పేజీలో కనిపించే అంకెలు విదేశీ సంస్థలవి. యూరప్ వాళ్ల లెక్కలో విచర్ 3, బల్దుర్స్ గేట్ 3, స్కైరిమ్ మూడూ 18 ఏళ్లు దాటినవాళ్లకే. మొదటి రెంటిలో రక్తంతో పాటు పడకగది దృశ్యాలు కూడా ఉన్నాయి. పాత భాగమైతే మెత్తగా ఉంటుందనుకోకండి, విచర్ మొదటి భాగం కూడా పెద్దలదే. పద్నాలుగేళ్లవాడికి డ్రాగన్ క్వెస్ట్ పదకొండో భాగం కొనివ్వండి. 12 ఏళ్ల నుంచి ఆడొచ్చు, ముందున్న పది భాగాలూ తెలియకపోయినా కథ చక్కగా అర్థమవుతుంది.

18 ఏళ్లు నిండనివాళ్లు చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది. అయినా స్టీమ్ ఖాతా తెరవడానికి 13 ఏళ్లు ఉంటే చాలు. కాబట్టి పిల్లాడి ఖాతా మీరు దగ్గరుండి తెరవండి, ఫోన్‌లో యూపీఐ పిన్ మాత్రం చెప్పకండి.

మోసపోతే ఎవరికి చెప్పాలి?

ముందు అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఆన్‌లైన్ వ్యాపారులు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల మాట ఇది. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అప్పటికీ కాకపోతే వినియోగదారుల కమిషన్. కొన్నది ఎక్కడైనా, మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. చెవిటికల్లు వాళ్లకు అది విజయవాడ. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే మాట్లాడొచ్చు, గడువు 2 ఏళ్లు. తక్కువ ధరకు కోడ్ ఇస్తామని యూపీఐలో డబ్బు వేయించుకుని మాయమైతే అది సైబర్ నేరం. గంట కూడా ఆగకుండా 1930కు ఫోన్ చేయండి.

పాత భాగాల కథ తెలుగులో దొరుకుతుందా?

నేను పైన చెప్పిన ఆటల్లో ఒక్కటి కూడా తెలుగులో లేదు, మాటల్లోనూ లేదు, రాతల్లోనూ లేదు. ఇంగ్లీషు మెల్లగా చదివే పిల్లవాడికి పాత భాగాల్లోని పేజీలకు పేజీల సంభాషణ కష్టమే. వెనక నిలబడి చూసి వెళ్లిపోయేది ఎక్కువగా వీళ్లే.

అందుకని సెలవులకు ఊరొచ్చే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ తమ్ముడు, మీ చెల్లి మూడో భాగం ఆడతానంటే పాతవి ఆడిరమ్మని పంపేయకండి. విచర్ రెండు భాగాల కథ పది నిమిషాల్లో చెప్పొచ్చు. పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చెప్పండి. గడ్డం గీసే దృశ్యంలో సేనాని అడిగే ప్రశ్నలకు వాళ్లనే జవాబు చెప్పనివ్వండి.